కంట్రోల్ ఎవరి చేతిలో ఉంది?



మా స్కూల్ మూడో అంతస్తు కారిడార్‌లో నిలబడితే ఒకవైపు కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ టవర్లు, వాటి మీద క్రేన్లు కనిపిస్తాయి. ఇంకోవైపు, ఆకాశం తేటగా ఉన్న ఉదయాల్లో, ఉత్తరాన దూరంగా ఒక చిన్న విమానం తిరుగుతూ కనిపిస్తుంది. ప్రయాణికుల విమానాలు తిన్నగా వెళ్లిపోతాయి. ఇది తిరిగిన చోటే తిరుగుతుంది, పైకి లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు దానికి 'ట్యూషన్ విమానం' అని పేరు పెట్టారు. పేరు సరిగ్గానే కుదిరింది. అది దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వాళ్ల శిక్షణ విమానం. అందులో రెండు సీట్లు ఉంటాయి. ఒకటి నేర్చుకునేవారికి, ఒకటి నేర్పేవారికి.

నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. ఈ నెల తెలుగు పేజీలకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ఈ ట్యూషన్ విమానం గురించే రాయాలనిపించింది. పిల్లలతో కలిసి దాని గురించి తెలుసుకున్న ఒక చిన్న విషయం మన ఇళ్లలో హోంవర్క్ టేబుల్ దగ్గర, ప్రాజెక్టుల దగ్గర, త్వరలో మీరు మాట్లాడుకోబోయే ఎంపీసీ, బైపీసీ నిర్ణయాల దగ్గర కూడా పనికొస్తుందని నా నమ్మకం.

పిట్ట పేరున్న విమానం

ఇదంతా రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం పాఠం దగ్గర మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన జర్మనీ మీద 1919లో వెర్సాయ్ ఒప్పందం కొన్ని షరతులు పెట్టింది. ఆ దేశానికి వైమానిక దళం ఉండకూడదన్నది వాటిలో ఒకటి. పాఠం అక్కడికి రాగానే చివరి బెంచీ అబ్బాయి లేచి అడిగాడు. "టీచర్, ఎయిర్‌ఫోర్సే ఉండకూడదంటే 1939 నాటికి అంతమంది పైలట్లు వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చారు?"

మంచి ప్రశ్న. మర్నాడు దానికి జవాబు చదువుకుని క్లాసుకు వెళ్లాను. కొంత శిక్షణ రహస్యంగా, సోవియట్ యూనియన్‌లోని లిపెత్స్క్ అనే ఊళ్లో జరిగింది. మరికొంత అందరి కళ్ల ముందే, ఫ్లయింగ్ క్లబ్బుల పేరుతో, గ్లైడర్ పోటీల పేరుతో, క్రీడల పేరుతో జరిగింది. 1935లో తమకు వైమానిక దళం ఉందని జర్మనీ బహిరంగంగా ప్రకటించేనాటికి ఎగరడం వచ్చిన కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు.

ఆ రోజుల్లో వాళ్లు నేర్చుకున్న విమానాల్లో ఒకటి ఫోకె వుల్ఫ్ ఎఫ్‌డబ్ల్యూ 44. ముద్దుపేరు స్టీగ్లిట్జ్. జర్మన్ భాషలో అది ఒక చిన్న పాడే పిట్ట పేరు. రెండు అంతస్తుల రెక్కలు, అంటే బైప్లేన్. పైకప్పు లేని రెండు సీట్లు, ముందొకటి, వెనకొకటి. ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ తొడుగు, చెక్కతో చేసిన రెక్కలు. ఎంత గట్టిగా తోలినా వేగం గంటకు 185 కిలోమీటర్ల దగ్గరే. పిల్లలు నవ్వారు. "టీచర్, మన ఔటర్ మీద కొన్ని కార్లు దీంతో పోటీకి వస్తాయి" అన్నారు.

నేర్చుకునేవాడికి కావలసింది ఆ నెమ్మదే. ఒక రెక్క మీద ఇంకో రెక్క ఉంటే తక్కువ పొడవులోనే ఎక్కువ రెక్క విస్తీర్ణం వస్తుంది. విమానం తేలికగా లేస్తుంది, నెమ్మదిగా దిగుతుంది. రెండు రెక్కల మధ్య నిలువు కమ్మీలు, తీగలు బిగించి ఉంటాయి కాబట్టి తేలికగా ఉన్నా గట్టిగా ఉంటుంది. కొత్తవాడి చేతికి ఇచ్చే విమానం ఎలా ఉండాలో అలా ఉంటుందన్నమాట.

ఈ స్టీగ్లిట్జ్ కూడా మొదటిసారే బాగా కుదరలేదు. 1932లో మొదటి నమూనా ఎగిరాక ఎన్నో పరీక్షలు చేసి, ఎన్నో మార్పులు చేశాకే అది నమ్మదగ్గ విమానమైంది. ఆ పనిలో ముఖ్యుడు కుర్ట్ టాంక్ అనే ఇంజనీరు. ఆయన పైలట్ కూడా. ఈ పేరు మనకు కొత్తేమీ కాదు. యుద్ధంలో జర్మనీకి ఫైటర్ విమానం డిజైన్ చేసిన ఈయనే యుద్ధం తర్వాత అర్జెంటీనా వెళ్లి, 1950ల్లో మన దేశానికి వచ్చి, బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో మన ఇంజనీర్లతో కలిసి హెచ్‌ఎఫ్ 24 మారుత్ జెట్ తయారు చేశారు. అది 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది.

పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పాను. పిట్ట పేరున్న ఆ విమానాల్లో సరదాగా ఎగరడం నేర్చుకున్న ఎందరో కుర్రాళ్లను కొద్ది ఏళ్లకే యుద్ధానికి పంపారు. చాలామంది తిరిగి రాలేదు. ఎలా నేర్పుతున్నామన్న ప్రశ్న పక్కనే ఎందుకు నేర్పుతున్నామన్న ప్రశ్న కూడా ఎప్పుడూ ఉంటుంది. క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది.

బేగంపేట, దుండిగల్

"మన దగ్గర అలాంటివి ఉండేవా టీచర్?" అన్నది తర్వాతి ప్రశ్న. ఉండేవి. స్టీగ్లిట్జ్ కంటే ఒక ఏడాది ముందు, 1931లో, ఇంగ్లండులో టైగర్ మాత్ అనే బైప్లేన్ ఎగిరింది. అదీ రెండు సీట్లదే, అదీ గుడ్డ తొడుగుదే, 130 హార్స్‌పవర్ ఇంజన్. ఇలాంటివి ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి. మన హైదరాబాద్‌లో నిజాం కాలంలో, 1930ల్లో, ఏరో క్లబ్‌తో పాటు బేగంపేట విమానాశ్రయం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడే ప్రాథమిక ఫ్లయింగ్ స్కూల్ నడిచింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్లు బేగంపేట మీది ఆకాశంలో టైగర్ మాత్‌లలో తొలి పాఠాలు నేర్చుకున్నారు.

ఆ తర్వాత మన విమానాలు వచ్చాయి. బెంగళూరులో వి.ఎం. ఘాటగే బృందం డిజైన్ చేసిన హెచ్‌టీ 2 అనే శిక్షణ విమానం 1951లో ఎగిరింది. ఆ తర్వాత హెచ్‌పీటీ 32 దీపక్ వచ్చింది. దుండిగల్ అకాడమీకి 1967లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. ఆయన పుట్టింది మన హైదరాబాద్‌లోనే. 2013 నుంచి అక్కడ స్విట్జర్లాండులో తయారైన పిలాటస్ పీసీ 7 విమానాలు ఎగురుతున్నాయి. మా కారిడార్ నుంచి కనిపించే ట్యూషన్ విమానం అదే. మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న ఆఫీసర్లయింది కూడా ఈ దుండిగల్ పరేడ్ మైదానంలోనే. ఈ మాట చెప్పగానే మా క్లాసు ఆడపిల్లలు ముగ్గురు పేర్లూ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. నేను రాసుకోమనలేదు.

రెక్కలు రెండంతస్తుల నుంచి ఒక అంతస్తుకు వచ్చాయి. గుడ్డ పోయి లోహం వచ్చింది. గాలి కొట్టే సీట్ల మీదికి గాజు కప్పు వచ్చింది. దాదాపు వందేళ్లుగా మారనిది ఒక్కటే. రెండు సీట్లు, రెండు కంట్రోల్ స్టిక్‌లు, రెండూ ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒకటి కదిపితే రెండోది కూడా కదులుతుంది.

టైగర్ మాత్‌లో గురువు ముందు సీట్లో, శిష్యుడు వెనక సీట్లో కూర్చునేవారు. గురువుకు శిష్యుడి ముఖం కనిపించదు. శిష్యుడికి గురువు తల వెనక భాగమే కనిపిస్తుంది. మాట వినిపించడానికి మధ్యలో ఒక రబ్బరు గొట్టం. ఇప్పటి పిలాటస్‌లో శిష్యుడే ముందు కూర్చుంటాడు. గురువు వెనక, కొంచెం ఎత్తులో కూర్చుంటారు. శిష్యుడి తల మీదుగా దారి కనిపిస్తుంది. ముందు దారి శిష్యుడిది, వెనక చూపు గురువుది.

రెండు పుల్లల ప్రయోగం

ఇది మాటల్లో చెబితే అర్థం కాదని క్లాసులోనే ఒక నమూనా చేశాం. ఈసారి కొనుక్కొచ్చిన మోడల్ వద్దని, పక్క వీధిలో 'స్కూల్ ప్రాజెక్టులు చేసి ఇవ్వబడును' అని బోర్డు పెట్టిన షాపుకు ఎవరూ వెళ్లొద్దని ముందే చెప్పాను. ఒక పొడవాటి చెప్పుల డబ్బా, రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు, వాటిని అడుగున కలపడానికి ఒక సన్నటి వెదురు పుల్ల. అంతే. ముందు పుల్ల లాగితే వెనక పుల్ల వంగుతుంది. వెనకది నెడితే ముందుది లేస్తుంది. ఇద్దరిద్దరు చొప్పున ఎదురెదురుగా కూర్చుని కదిపారు.

ఒక్కరు కదిపినంతసేపు బాగానే ఉంది. రెండో పిల్లవాడు కూడా గట్టిగా పట్టుకున్నాక పుల్ల ఎటూ కదల్లేదు. ఒకడు కుడికి లాగుతున్నాడు, ఇంకొకడు ఎడమకు. ఇద్దరూ 'నేనే నడుపుతున్నా' అనుకుంటున్నారు. ఇంకో జంటలో దీనికి తిరగబడిన సంగతి జరిగింది. ఎదుటివాడు పట్టుకున్నాడులే అని ఇద్దరూ వదిలేశారు. పుల్ల వాలిపోయింది. నిజం విమానమైతే?

ఇందుకోసమే పైలట్లకు ఒక నియమం ఉంది. ఎంత అనుభవమున్న పైలటైనా దాన్ని పాటించాల్సిందే. గురువు శిష్యుడికి అప్పగించేటప్పుడు నోటితో చెప్పాలి: "కంట్రోల్ నీది." శిష్యుడు చేయి పెట్టి నోటితో బదులు చెప్పాలి: "కంట్రోల్ నాది." అప్పుడే గురువు చేయి తీస్తారు. వెనక్కి తీసుకునేటప్పుడు కూడా అంతే. విమానంలో ఇద్దరున్నా, ఏ క్షణంలోనైనా నడిపేది ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరో ఇద్దరికీ తెలిసి ఉండాలి.

ఈ ఆటలో ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒక అమ్మాయి పుల్ల వదలకుండానే అడిగింది. "టీచర్, తప్పు చేస్తే తిరిగి తీసేసుకుంటారా?"

తీసుకుంటారమ్మా, ప్రమాదం అనిపిస్తే వెంటనే తీసుకుంటారు. తీసుకుంటున్నానని చెప్పి మరీ తీసుకుంటారు. విమానం సర్దుకున్నాక మళ్లీ నీ చేతికే ఇస్తారు.

"మళ్లీ ఇస్తారా?" అంది. ఆ రెండో ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇది ఆట కాదు

పిల్లలకు ఈ విషయం తేలిగ్గా అనిపించకూడదని ఇంకో సంగతి కూడా చెప్పాను. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబర్ 4న దుండిగల్ నుంచి మామూలు శిక్షణకు బయల్దేరిన పిలాటస్ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలిపోయింది. అందులో ఉన్న ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఇద్దరూ చనిపోయారు. నేర్చుకునేవాడి పక్కన కూర్చోవడమంటే అతని ప్రమాదంలో సగం తాను మోయడం. ప్రతి రోజూ ఆ సంగతి తెలిసే గురువులు ఆ సీట్లో కూర్చుంటారు. తెలిసే శిష్యుడి చేతికి కంట్రోల్ ఇస్తారు. ఇవ్వకపోతే పైలట్ తయారు కాడు కాబట్టి.

టైగర్ మాత్ రూపకల్పనలోనే ఈ సంగతి ఉంది. అంతకుముందున్న మాత్ విమానంలో ముందు సీటు రెక్కల కమ్మీల మధ్య ఇరుక్కుని ఉండేది. ఆపద వస్తే ముందు సీట్లో ఉన్నవాళ్లు పారాచూట్‌తో బయటికి దూకడం కష్టం. అందుకని పై రెక్కను ముందుకు జరిపారు. నేర్పేవారు కూడా ప్రాణంతో బయటపడాలి కదా. ఇది చెప్పినప్పుడు నాకు టీచర్లు, అమ్మలు, నాన్నలు అందరూ గుర్తొచ్చారు.

నాన్న, లేత్ మిషన్

మా నాన్న పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మీద పని చేసేవారు. ఐటీఐ పిల్లలు అప్రెంటిస్‌గా వస్తే నాన్న దగ్గరికే పంపేవారు. చిన్నప్పుడు సెలవు రోజున నాన్నకు అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్లి గేటు దగ్గర నిలబడితే, సాయంత్రం ఇంటికొచ్చాక ఆ రోజు వచ్చిన కొత్త అబ్బాయి గురించి చెప్పేవారు. మొదటి రోజు మిషన్ ఆన్ చేయడం చూపించేవారు కాదట. ఆఫ్ బటన్ చూపించి, పదిసార్లు నొక్కించేవారట.

"మిషిన్ మీద ఒక్కరి చెయ్యే ఉండాలె బిడ్డా. ఎవలదో ముందుగాల్నే చెప్పుకోవాలె. రెండు చేతులున్నయంటే ఒకరి వేలు పోతది" అనేవారు.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే నాన్నలకు ఈ మాట వివరించక్కర్లేదు. పైలట్లకు ఉన్న నియమం మీ షెడ్‌లో కూడా ఉంది. అది మన ఇంట్లో ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను చదువుకుంటుంటే పక్కన కూర్చుని కూరగాయలు తరిగేది. పుస్తకంలో ఏముందో ఎప్పుడూ అడగలేదు. పది నిమిషాలకోసారి "ఐందా?" అనేది, అంతే. చదువు నాదని, తోడు ఆమెదని మా ఇద్దరికీ తెలుసు. ఈరోజు పీటీఎంకు వచ్చి "మాకు ఇంగ్లీషు రాదు మేడం, మేం ఏం చూస్తాం, అన్నీ మీరే చూసుకోవాలి" అనే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. వెనక సీట్లో కూర్చోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఆ సీటు ఖాళీగా లేదని పిల్లలకు తెలిస్తే చాలు.

వెనక బెంచీ మీద సార్

బీఎడ్‌లో మాకు టీచింగ్ ప్రాక్టీస్ ఉండేది. లెసన్ ప్లాన్ రాసుకుని, చార్టులు పట్టుకుని, ఏదో ఒక స్కూలుకు వెళ్లి నిజం పిల్లలకు పాఠం చెప్పాలి. మొదట పంపిన స్కూల్లో ఆ క్లాసు టీచరు వెనక బెంచీలో కూర్చునేవారు. నేను ఒక ప్రశ్న వేయగానే పిల్లల కంటే ముందు ఆయనే జవాబు చెప్పేవారు. బోర్డు మీద గీత వంకరగా వస్తే అక్కడి నుంచే "కాదమ్మా, ఇలా" అనేవారు. మంచి మనసుతోనే చేసేవారు. కానీ నాలుగో రోజుకి పిల్లలంతా నా వైపు చూడటం మానేసి వెనక్కి తిరిగి కూర్చున్నారు. క్లాసు ఎవరిదో వాళ్లకు అర్థమైపోయింది.

తర్వాత మా కాలేజీ నుంచి సూపర్‌వైజర్ సార్ వచ్చారు. ఆయన కూడా వెనక బెంచీలోనే కూర్చున్నారు. పాఠం మొదలయ్యే ముందు పిల్లలందరికీ వినిపించేలా "ఈ నలభై నిమిషాలు క్లాసు మీ టీచర్‌ది" అన్నారు. ఆ తర్వాత గంట కొట్టేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అబ్జర్వేషన్ పుస్తకంలో రాసుకున్నారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు ఒక్కొక్కటే చెప్పారు. ఏది బాగుందో ముందు, ఏది మార్చాలో తర్వాత. ఇద్దరూ కూర్చున్నది ఒకే బెంచీ మీద. రెండో సార్ ఉన్నప్పుడే నేను టీచర్‌నయ్యాను.

మన ఇళ్ల సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మన స్కూల్లో రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి. ఒక రకం ఇంట్లో పిల్లవాడి స్టిక్ మీద అమ్మ చేయి, నాన్న చేయి, ట్యూషన్ సార్ చేయి, ఫోన్‌లో లెర్నింగ్ యాప్ చేయి, అన్నీ ఉంటాయి. ప్రాజెక్టు అర్ధరాత్రి దాకా అమ్మ అతికిస్తుంది, పొద్దున పిల్లవాడు మోసుకొస్తాడు. పీటీఎంలో నేను అమ్మాయిని "ఎలా ఉందమ్మా మ్యాథ్స్?" అని అడిగితే అమ్మ జవాబు చెబుతుంది. "చేస్తుంది కానీ సిల్లీ మిస్టేక్స్ మేడం" అంటుంది. ఆ వెంటనే "మా అమ్మాయి అసలు నోరు విప్పదండి" అని బాధపడుతుంది. రెండో రకం ఇంట్లో, అందరూ ఇంకెవరో పట్టుకున్నారని అనుకుంటారు. అమ్మానాన్నలు స్కూలు చూసుకుంటుందని, స్కూలు ఇల్లు చూసుకుంటుందని, పిల్లవాడు పెద్దవాళ్లు చూసుకుంటారని. పుల్ల వాలిపోతుంది.

సాయం చేయడం తప్పని నేను అనడం లేదు. విమానంలో గురువు మొదటి గంటల్లో అంతా తనే నడిపి చూపిస్తారు. తర్వాత ఇద్దరూ కలిసి చేస్తారు. తర్వాత చేయి తీస్తారు. తీసినా కూర్చునే ఉంటారు. ఆ తర్వాత ఒక రోజు వస్తుంది. విమానం నేల మీద ఆగి ఉండగా గురువు దిగిపోతారు. శిష్యుడు మొదటిసారి ఒంటరిగా ఎగురుతాడు. దాన్ని ఫస్ట్ సోలో అంటారు. టైగర్ మాత్‌లో అప్పుడు ఒక చిన్న పని తప్పనిసరిగా చేసేవారు. దిగిపోయే ముందు గురువు తన సీటు బెల్టులను గట్టిగా కట్టేస్తారు. ఎందుకంటే మనిషి లేకపోయినా వేలాడే బెల్టు వెళ్లి ఆ సీటు ముందున్న స్టిక్‌కు చుట్టుకోవచ్చు. అప్పుడు శిష్యుడి స్టిక్ కూడా బిగుసుకుపోతుంది.

మనం గదిలోంచి బయటికొచ్చేస్తాం. కానీ వెళ్తూ వెళ్తూ "చూద్దాం ఎంత వస్తుందో", "పక్కింటి వాళ్ల బాబుకు ఎంతొచ్చిందో తెలుసా" అన్న మాటలు గదిలో వదిలేస్తాం. అవే ఆ బెల్టులు.

అన్నిటికంటే పెద్ద సోలో త్వరలోనే రానుంది. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలన్నది ఇప్పటి నుంచే ఇళ్లలో నడుస్తున్న చర్చ. ఫీజులు కట్టేది మీరు, దారి చూసినవాళ్లు మీరు. కాబట్టి ఆ నిర్ణయంలో మీకూ సీటు ఉంది. కొన్ని ఇళ్లలో ఆ నిర్ణయం పెద్దవాళ్లే తీసుకోవాల్సిన పరిస్థితి ఉండొచ్చు. అలా అయితే అలాగే చెప్పండి. "ఇది మేం నిర్ణయిస్తున్నాం, ఈ కారణంగా" అని. పిల్లలు దాన్ని తట్టుకుంటారు. 'నీ ఇష్టమే' అని చెప్పి, చేయి మాత్రం తీయకపోతేనే వాళ్లు తట్టుకోలేరు. స్టిక్ తన చేతిలోనే ఉంది, విమానం మాత్రం తను తిప్పినట్టు తిరగడం లేదు. అప్పుడు తప్పు తన చేతిదే అనుకుంటారు. నోరు విప్పని పిల్లల్లో చాలామంది అలా అనుకుంటున్నవాళ్లే. వాళ్లతో రోజూ గడిపే టీచర్‌గా చెబుతున్నాను.

ఈ నెల ఇంట్లో ప్రయత్నించండి

1. ఒక పని ఎంచుకోండి, ఒక్కటే. బ్యాగ్ సర్దుకోవడం, తెలుగు హోంవర్క్, శనివారం టైమ్‌టేబుల్, ఏదైనా. "ఈ నెల ఇది నీది" అని నోటితో చెప్పండి. "నాది" అని పిల్లలతో అనిపించండి. నవ్వుకున్నా పర్వాలేదు, అనిపించండి.

2. ఆ పని చెడిపోతుందని నిజంగా అనిపిస్తే మధ్యలో తీసుకోండి. అయితే "ఇప్పుడు నేను తీసుకుంటున్నా" అని చెప్పి తీసుకోండి. పక్క రోజు మళ్లీ ఇచ్చేయండి. ఈ మళ్లీ ఇవ్వడం మర్చిపోవద్దు.

3. పని జరుగుతున్నప్పుడు మాట్లాడకండి. అయ్యాక మాట్లాడండి. బాగున్నది ముందు, మార్చాల్సింది తర్వాత. రాత్రి భోజనాల దగ్గర పది నిమిషాలు చాలు.

4. తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలకు కూడా ఈ నియమం చెప్పండి. ప్రేమతో పెట్టే చేయి కూడా చేయే కదా.

5. పిల్లలు చేసిన ప్రాజెక్టు వంకరగా ఉంటే అలాగే పంపండి. మా తొమ్మిదో తరగతిలో వంకర గీతకు మార్కులు తగ్గించం. ఎలా చేశావో చెప్పమని అడుగుతాం. చెప్పగలిగితే మార్కులు అక్కడ వేస్తాం.

ఇంకో చిన్న మార్పు. వచ్చే పీటీఎంలో మా సెక్షన్ వరకు మొదటి ఐదు నిమిషాలు పిల్లలవి. తన చదువు ఎలా సాగుతోందో, ఎక్కడ కష్టంగా ఉందో, ఏం సాయం కావాలో మీ అబ్బాయో అమ్మాయో చెబుతారు. వాళ్లు నా ఎదురు కుర్చీలో కూర్చుంటారు. మీ కుర్చీలు వాళ్ల వెనక వేయిస్తున్నాను. మధ్యలో నిశ్శబ్దం వస్తుంది, వాళ్లు తడబడతారు, మీకు జవాబు నాలుక చివరి దాకా వస్తుంది. దయచేసి ఆ ఐదు నిమిషాలు ఆగండి. ఆరో నిమిషం నుంచి మీరు ఎంత మాట్లాడినా వింటాను, అవసరమైతే సాయంత్రం దాకా ఉంటాను.

పీటీఎం శనివారం, ఉదయం తొమ్మిదిన్నర నుంచి. పిల్లలను తప్పకుండా వెంట తీసుకురండి.